బతుకమ్మ కాడ నిన్నెవరు చూస్తున్నరు?

గోపాల్‌పేటలో గానీ, పక్కన వనపర్తిలో గానీ బతుకమ్మ ఆడే చోటికి పోయి చూడండి. నడుమ పూలు, చుట్టూ ఆడేవాళ్లు, వాళ్ల వెనక గోడవారగా ఇంకో వరుస. గునుగు, తంగేడు పేర్చి మోసుకొచ్చి, తీరా ఆట మొదలయ్యాక పక్కకు జరిగినవాళ్లు. ఎందుకమ్మా అంటే, "అడుగు తప్పితే ఎవడో వీడియో తీస్తడు, తెల్లారేసరికి గ్రూపులల్ల తిరుగుతది. అందరూ మననే చూస్తుంటరు గద" అంటారు. ఈ అపోహ ఎక్కడ పుట్టిందో గానీ, 2014లో రాష్ట్ర పండుగైన ఆటను చూసిపోయే పండుగ చేసి పెడుతోంది.

అందరూ అంటే ఎవరు? ఆటలోకి దిగితే ముందామె అడుగు మీద చూపుండాలి, పాట ఎత్తినామె మీద చెవి ఉండాలి, వంగి చప్పట్లు కొట్టి లేచేలోపు ఉయ్యాలో అందుకోవాలి, కొంగు జారకుండా చూసుకోవాలి. ఇంత పనిలో మీ అడుగు లెక్కపెట్టే తీరిక ఎవరికుంది? పక్కామెకు తన అడుగు భయమే సరిపోతుంది.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ గిలోవిచ్ బృందం ఈ సంగతినే పరీక్షించి 2000లో ప్రచురించింది. వేసుకోవడానికే సిగ్గేసే గాయకుడి బొమ్మ టీషర్టు తొడిగి, ఒక్కో విద్యార్థిని తోటివాళ్లున్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది గమనించి ఉంటారని తొడుక్కున్నవాళ్ల అంచనా. గమనించింది పావు వంతు. అదీ ఒంటరిగా, అందరి ఎదుటికీ వస్తే. గుంపులో మీ వంతుకు మిగిలే చూపెంతో మీరే లెక్కేసుకోండి.

సరే, ఒకటి ఒప్పుకోక తప్పదు. ఫోన్లున్నాయి, ఊరికి నోరూ ఉంది. ఎవరో ఒకరు ఏదో అంటారు. అయితే ఆ నోరు గోడవార ఉన్నవాళ్లను వదులుతుందా? "గొప్పలకు పోయి ఆడలే" అంటుంది. ఎట్లాగూ పడే మాటే, ఆడి పడితే పోలే?

మిగతా అపోహలకు ఇంత సిరా దండగ. ఎక్కువ నవ్వితే ఏడవాల్సి వస్తుందట, రాదు. గొంతు బాగుంటేనే పాడాలట. గుంపులో గొంతు వెతికేదెవరు? భర్త పోయినామె ఆడొద్దట. పూలు తెంపుకు రమ్మన్నప్పుడు గుర్తురాని అరిష్టం ఆటప్పుడే గుర్తొచ్చిందా? రెండు పెగ్గులు పడితేనే సిగ్గు పోతుందని బరాతుల్లో మగవాళ్ల నమ్మకం. సిగ్గుతో పాటు అడుగూ పోతుంది.

అలిగే హక్కు ఆరో రోజున బతుకమ్మది, మీది కాదు. కొత్తవాళ్లయితే చివరి రోజు సద్దుల బతుకమ్మ దాకా ఆగకండి. నడిమి రోజుల్లో జనం పలుచన, అప్పుడే అడుగు కలపండి. పాటలొచ్చిన పెద్దమ్మ వెనక నిలబడండి. ఫోన్ పట్టుకుని తిరిగే పిల్లగాడు కనిపిస్తే, వద్దని మొహం మీదే చెప్పండి. వినకపోతే చెరువు దాకా బతుకమ్మ తాంబాళం వాడి నెత్తినే పెట్టండి, రెండు చేతులూ కావాలి దానికి.