రెండు నెలలు ఆగిన బోటు... బ్యాటరీ బతకాలంటే ఏం చేయాలి?

ఉక్కునగరం: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. వలలు బాగుచేసుకోవడం, రంగులేయించడం, ఇంజిన్ విప్పి చూపించుకోవడం అన్నీ ఈ రోజుల్లోనే. బ్యాటరీ సంగతి మాత్రం చివర్లో సెల్ఫ్ కొట్టినప్పుడు 'టక్' మని ఆగిపోతేనే గుర్తొస్తుంది. సముద్రం బాగోలేక ఆగిన రుషికొండ టూరిస్టు బోటుదీ ఇదే కథ. వేసవి సెలవులకు సొంతూరు వెళ్లొచ్చిన ఉక్కునగరం కుటుంబం కారుదీ ఇదే కథ.

వాడితేనే బ్యాటరీ అరుగుతుంది, ఊరికే ఉంటే ఏమవుతుందిలే అనుకుంటాం. లెడ్ యాసిడ్ బ్యాటరీ విషయంలో ఇది తప్పు.

దాని లోపల సీసం పలకలు, నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటాయి. కరెంటు ఖర్చవుతున్న కొద్దీ పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే చార్జింగ్ పెడితే అది మళ్లీ కరిగిపోతుంది. వారాల తరబడి వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి, ఆ తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా పూర్తిగా వదలదు. ఏ వైరూ తగిలించకపోయినా బ్యాటరీ తనంతట తాను నెలకు 5 శాతమో, పాతదైతే ఇంకా ఎక్కువో దిగిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ దిగడం దాదాపు రెట్టింపు. విశాఖ మే నెల ఎండలో ఇంజిన్ గది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

అందుకే బోటు కట్టేసే రోజే బ్యాటరీని ఫుల్ చార్జ్ చేసి, నెగటివ్ వైరు ముందు, పాజిటివ్ తర్వాత విప్పేయాలి. తిరిగి బిగించేటప్పుడు నెగటివ్ చివర్న. తర్వాత కనీసం నెలకోసారి చార్జింగ్ పెట్టాలి. ఎంత ఉందో తెలుసుకోవడానికి మామూలు మల్టీమీటర్ చాలు. చార్జింగ్ తీసిన కొన్ని గంటల తర్వాత చూస్తే 12.6 వోల్టులు లేదా పైన ఉంటే ఫుల్. 12.2 అంటే సగం. 12 కంటే తగ్గితే ఆలస్యం చేయొద్దు. చార్జర్ ఆంపియర్లు బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు ఉంటే మంచిది, అంటే 100 ఏహెచ్ బ్యాటరీకి 10 ఆంపియర్లు.

'వారానికోసారి పది నిమిషాలు ఇంజిన్ తిప్పుతున్నాం కదా' అనేవాళ్లున్నారు. స్లోగా తిరిగే ఇంజిన్ మీద ఆల్టర్నేటర్ ఇచ్చేది తక్కువ. పైగా చివరి 20 శాతం ఎక్కడానికి గంటలు పడుతుంది. డీజిల్ దండగ తప్ప బ్యాటరీ నిండదు.

ఒక్క చోట మాత్రం వైర్లు విప్పడం కుదరదు. నీళ్లలోనే ఉన్న బోటుకు అడుగున చేరే నీటిని తోడే ఆటోమేటిక్ పంపు ఉంటే, దాని బ్యాటరీ రోజూ బతికి ఉండాలి. వాన పడిన రాత్రి అది చచ్చిపోతే పోయేది బ్యాటరీ కాదు, బోటు. అలాంటి బోట్లకు చిన్న సోలార్ ప్యానెల్, మధ్యలో చార్జ్ కంట్రోలర్ పెట్టుకోవడం తెలివైన పని.

ఇక గ్యాస్ సంగతి. ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామిని పిల్లలకు చూపించే ఉంటారు. నీళ్ల కింద అది నడిచింది బ్యాటరీల మీదే. డీజిల్ ఇంజిన్లతో వాటిని చార్జ్ చేసుకునేవారు. అలాంటి జలాంతర్గాముల్లో సిబ్బంది భయపడేది రెండింటికి: చార్జింగ్‌లో పుట్టే హైడ్రోజన్‌కు, బ్యాటరీలో ఉప్పునీరు పడితే వచ్చే క్లోరిన్‌కు. చిన్న బోటులోనూ అవే రెండు. గాలిలో 4 శాతం హైడ్రోజన్ చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి మూతలన్నీ తెరిచి పెట్టాలి, బీడీ, సిగరెట్ దగ్గరికి రానీయకూడదు, చార్జర్ స్విచ్ ఆపాకే క్లిప్పులు తీయాలి. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో పదుల బోట్లు తగలబడ్డాయి. అది బ్యాటరీ వల్ల అని కాదు, కానీ పక్కపక్కన కట్టిన బోట్లలో మంట ఎంత త్వరగా పాకుతుందో ఊరంతా చూసింది.

మూత తీసే రకం బ్యాటరీలో పలకలు మునిగేలా డిస్టిల్డ్ వాటరే పోయాలి. బిస్లరీ నీళ్లు, ఏసీ నుంచి కారిన నీళ్లు పనికిరావు. టెర్మినల్స్ మీద బూజులా పట్టేదాన్ని వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి (ఆ నీళ్లు లోపలికి పోకుండా), ఆరాక వాజలిన్ రాయాలి. యాసిడ్ కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడుగుతూనే ఉండి, తర్వాత ఆస్పత్రికి వెళ్లాలి.

పాడైపోయిన బ్యాటరీని ఇంట్లో పగలగొట్టి సీసం కరిగించడం మానేయండి. బ్యాటరీ వ్యర్థాల నిర్వహణకు 2022లో వచ్చిన కేంద్ర నిబంధనలున్నాయి, కొత్తది కొన్నప్పుడు పాతది షాపులోనే ఇచ్చేయొచ్చు. బ్యాటరీ, ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో మనవాళ్లు చాలామంది పనిచేస్తున్నారు. సీసం దుమ్ము బట్టల మీద ఇంటిదాకా వస్తుంది, చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పని నుంచి వచ్చాక చేతులు సబ్బుతో కడిగి, బట్టలు మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోవాలి. ఆ బట్టలు వేరుగా ఉతకాలి.