బురదలో ట్రాక్టరు చక్రానికి పట్టు ఎట్లు కలుగుతుంది?

దిల్‌సుఖ్‌నగర్ నుండి తూర్పుగా వచ్చే రోడ్డు ఎల్.బి. నగర్ కూడలి వద్ద చీలుతుంది. ఒక దారి హయత్‌నగర్ మీదుగా విజయవాడకు, మరొకటి ఇబ్రహీంపట్నం మీదుగా నాగార్జునసాగరుకు పోతుంది. ఈ దారుల వెంట మరికొంత దూరం వెళితే నల్లగొండ ప్రాంతపు వరిమళ్లు వస్తాయి. 1967లో సాగరు కాలువలకు నీరు వదిలిన తరువాత ఆ నీరు పారిన చోట వరిసాగు విస్తరించినది. ఒకప్పుడు ఎడ్లు, దున్నపోతులు తొక్కిన కరిగెట్టును నేడు ట్రాక్టరు తొక్కుతున్నది. కాని తారురోడ్డుపై నిండు ట్రాలీని లాగిన ట్రాక్టరే ఒక్కొక్కప్పుడు మడిలో దిగబడి, చక్రాలు ఉన్నచోటనే తిరుగుతూ నిలిచిపోతుంది. ఇంజను బలం తగ్గలేదు. మరి లోపం ఎక్కడ ఉన్నది?

నేలలోని రెండు బలాలు

చక్రం నేలను వెనుకకు నెడుతుంది. నేల చక్రాన్ని ముందుకు నెడుతుంది. ఇది న్యూటను మూడవ సూత్రమే. నేల ఎంత బలంతో ఎదురు నెట్టగలదో అంతకుమించి ఏ ట్రాక్టరూ లాగలేదు. నెట్టుడు ఎక్కువైతే మట్టి పొర తెగి, చక్రంతోపాటు జారిపోతుంది.

మట్టి తెగకుండా ఆపే బలాలు రెండని 18వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కూలుంబ్ వివరించినాడు. మొదటిది రేణువుల మధ్య ఘర్షణ. ఇది పైనున్న బరువుతోపాటు పెరుగుతుంది. రెండవది రేణువులు ఒకదానినొకటి అంటిపెట్టుకొనే సంసంజన బలం. ఇది బరువును బట్టి కాక, చక్రం ఆనిన వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది.

ఒక ఉదాహరణ తీసుకొందాము. వెనుక చక్రాలపై 12,000 న్యూటన్ల బరువు ఉన్నదనుకొందాము. ఇసుకపాలు ఎక్కువగా ఉన్న పొడి చల్కనేలలో ఘర్షణ గుణకం 0.58 అయితే దొరికే పట్టు సుమారు 7,000 న్యూటన్లు. అదే ట్రాక్టరు నీరు నిండిన బంకమట్టిలో దిగినది. అక్కడ ఘర్షణ దాదాపు సున్న. సంసంజన బలం చదరపు మీటరుకు 5,000 న్యూటన్లు, రెండు చక్రాలు ఆనిన చోటు 0.4 చదరపు మీటరు అనుకొంటే పట్టు 2,000 న్యూటన్లు మాత్రమే. ట్యూబులలో ముప్పాతిక వంతు నీరు నింపి బరువు పెంచే పద్ధతి పొడినేలలో ఉపకరిస్తుంది. బురదలో అదే బరువు చక్రాన్ని మరింత లోతుకు దింపుతుంది.

ఈ భేదాన్ని తరగతిలో చూపవచ్చును. ఒక ఇటుకను స్ప్రింగు త్రాసుతో ఇసుకపై లాగి, తరువాత దానిపై మరొక ఇటుక పెట్టి లాగవలెను. బలం సుమారు రెట్టింపవుతుంది. పలుచగా పరచిన మెత్తని బంకమన్నుపై అదే చేస్తే బలం కొద్దిగానే పెరుగుతుంది.

గొలుసు, కేజ్ వీలు

1904లో అమెరికాకు చెందిన హారీ వీడ్ టైరుకు చుట్టే గొలుసుకు పేటెంటు పొందినాడు. అడుగున గట్టినేల ఉండి, పైన మంచుగాని పలుచని జారుడు బురదగాని ఉన్నచోట గొలుసు ఆ పొరను కోసి గట్టినేలను పట్టుకొంటుంది. కాని వరిమడిలో బురద లోతుగా ఉంటుంది. టైరు గాళ్లతోపాటు గొలుసు సందులు కూడా బంకమట్టితో పూడి, చక్రం నున్నని పీపావలె తయారవుతుంది.

అందువలన మన రైతులు కేజ్ వీల్స్ వాడుతున్నారు. రెండు మూడు ఇనుప వలయాల మీద యాంగిల్ ఇనుప ముక్కలను అడ్డంగా వెల్డింగు చేస్తే ఈ చక్రం తయారవుతుంది. ఇది ఆనే వైశాల్యాన్ని పెంచుతుంది; సందుల గుండా మట్టి రాలిపోతుంది. అయితే ఈ గుణమే తారురోడ్డుపై దోషమవుతుంది. ట్రాక్టరు బరువంతా కొద్దిపాటి ఇనుప అంచులపై పడి రోడ్డు చితికిపోతుంది. కనుక మడి దాటగానే వీటిని విప్పి, ట్రాలీలో వేసికొని పోవలెను.

అతుకు బలం

గొలుసుగాని, కేజ్ వీలుగాని తయారుచేయుటకు కర్బనం 0.25 శాతం మించని మెత్తని ఉక్కు తగినది. పాత బండి కమాను పట్టాలలో కర్బనం సుమారు 0.6 శాతం ఉంటుంది. వెల్డింగు వేడికి ఎర్రబడిన అట్టి ఉక్కును చుట్టూ ఉన్న చల్లని లోహం వెంటనే చల్లారుస్తుంది. అప్పుడు అతుకు ప్రక్కన మార్టెన్‌సైటు అనే గట్టి, పెళుసు రూపం ఏర్పడుతుంది. పైకి అతుకు చక్కగానే కనిపిస్తుంది. దెబ్బ తగిలితే గాజువలె విరుగుతుంది. తొందరపడి నీళ్లు పోస్తే ఈ కీడు హెచ్చుతుంది. తడిసిన వెల్డింగు రాడ్లనుండి హైడ్రోజను లోహంలో చేరి, కొన్ని గంటల తరువాత కూడా పగుళ్లు తేగలదు.

8 మిల్లీమీటర్ల కడ్డీతో చేసిన లంకెకు రెండు కాళ్లుంటాయి. ఒక్కొక్క కాలి అడ్డుకోత 50 చదరపు మిల్లీమీటర్లు. చదరపు మిల్లీమీటరుకు 250 న్యూటన్ల చొప్పున రెండు కాళ్లు కలిసి సిద్ధాంతరీత్యా 25,000 న్యూటన్లు భరించవలెను. ఒక కాలిలో అతుకు సగం లోతుకే దిగితే, ఆ కాలు 12,500 న్యూటన్ల లాగుడుకే లొంగుతుంది. మిగిలిన లంకెలన్నీ మంచివైనా గొలుసు మొత్తం బలం సగానికి పడిపోతుంది.

ప్రాణాపాయాలు

టైరు బిగించి ఉన్న రిమ్ముపై ఎన్నడూ వెల్డింగు చేయరాదు. లోపలి గాలి వేడెక్కి పీడనం పెరుగుతుంది. కాలిన రబ్బరు నుండి మండే వాయువులు పుట్టి టైరు పేలవచ్చును. గాలి తీసినంత మాత్రాన ఈ ప్రమాదం తప్పదు. టైరును పూర్తిగా విప్పవలెను. జింకు పూత ఉన్న గొలుసును అతికితే 907 డిగ్రీల సెల్సియస్ వద్దనే జింకు మరిగి పొగ వస్తుంది. ఆ పొగ పీల్చినవారికి చలిజ్వరం వస్తుంది.

అన్నిటికన్న పెద్ద ప్రమాదం దిగబడిన ట్రాక్టరు చక్రాలకు దుంగ కట్టి ముందుకు నడపుట. చక్రం తిరగలేకపోతే ఇంజను బలం ఇరుసు చుట్టూ ట్రాక్టరు దేహాన్నే తిప్పుతుంది. ముందుభాగం లేచి, డ్రైవరు దూకేలోపలే బండి వెనుకకు తిరగబడుతుంది. కనుక దిగబడినప్పుడు చక్రాల వెనుక మట్టి త్రవ్వి, నెమ్మదిగా వెనుకకు నడిపి చూడవలెను. అది సాగకపోతే గట్టినేలపైనున్న మరొక ట్రాక్టరుతో లాగించవలెను. లాగే ట్రాక్టరుకు గొలుసును ఇరుసుకన్న దిగువనున్న కొక్కెమునకే తగిలించవలెను. గొలుసు తెగితే కొరడావలె ఎగిరివస్తుంది కనుక ఆ సమయంలో దాని దరిదాపుల ఎవరూ నిలువరాదు.