తొమ్మిది మంది.. ఒక పేట!

దీపం నుంచి మోరీ దాకా అన్నీ నాటి మున్సిపల్ బోర్డు పనులే

బెంగళూరు: వీధి దీపం వెలగకపోయినా, మోరీ పొంగినా నగరవాసి నోట వచ్చే మొదటి మాట.. 'కార్పొరేషన్ వాళ్లు ఏం చేస్తున్నట్లు?' ఈ ప్రశ్న ఈనాటిది కాదు. నూట అరవై ఏళ్ల కిందట చిక్కపేట, బళేపేట, నగర్తపేట వాసులదీ ఇదే గోల. కాకపోతే అప్పట్లో అడగాలంటే పెద్ద దూరం వెళ్లక్కర్లేదు. తొమ్మిది మంది ఊరి పెద్దలు.. వాళ్లే బోర్డు!

1862 మార్చి 27న బెంగళూరు పేటకు మున్సిపల్ బోర్డు ఏర్పడింది. 1850 నాటి పట్టణాభివృద్ధి చట్టం దానికి ఆధారం. ఊరి జనం కోరుకుంటే పన్ను వేసుకుని తమ వీధులు, కాల్వలు, దీపాలు తామే చూసుకోవచ్చన్నది ఆ చట్టం సారాంశం. దాదాపు అదే కాలంలో 'దండు'కు, అంటే కంటోన్మెంట్‌కు మరో బోర్డు వచ్చింది. 1871 జనగణన నాటికి పేటలో ఉన్నది 60 వేల పైచిలుకు జనం. కంటోన్మెంట్‌లో 81 వేల పైచిలుకు. ఈనాటి లెక్కలో చూస్తే రెండూ చిన్న పట్టణాలే. ఊరు ఒకటే.. బోర్డులు మాత్రం రెండు.

సరుకొస్తేనే సొమ్ము

పని చేయాలంటే డబ్బు కావాలి కదా! పేట మున్సిపాలిటీకి ప్రధాన ఆదాయం ఊళ్లోకి వచ్చే సరుకుపై సుంకం. అదే ఆక్ట్రాయ్. దొడ్డపేట, అంటే నేటి అవెన్యూ రోడ్డు వర్తకులకు ఈ సుంకం నిత్యం తగిలేదే. తరతరాలుగా పేటలో వ్యాపారం, నేతపని చేసుకుంటున్న తెలుగువారికీ అది తప్పలేదు. కర్ణాటకలో ఈ పద్ధతి 1979లో పోయింది. ఇంటి పన్ను మాత్రం నిలిచింది. బెంగళూరు తెలుగిళ్లలో ఇప్పటికీ 'కందాయం కట్టారా?' అనే అడుగుతారు.

నిచ్చెన దీపాలు.. చెరువు నీళ్లు

సాయంత్రమైతే నూనె దీపాలు వెలిగించాలి. నూనె ఖర్చు, మనిషి కూలి, పగిలిన గాజు చిమ్నీ.. మున్సిపాలిటీకి అన్నీ లెక్కలే. 1905 ఆగస్టు 5న సిటీ మార్కెట్ దగ్గర విద్యుత్ వీధి దీపాలు వెలిగాయి. కావేరిపై శివనసముద్రం నుంచి వచ్చిన కరెంటు అది. నిచ్చెన భుజాన వేసుకుని తిరిగే దీపాలవాడి పని అక్కడి నుంచే తగ్గుతూ వచ్చింది.

నీళ్లకైతే చెరువులు, బావులే దిక్కు. నేడు మెజెస్టిక్ బస్టాండ్ ఉన్న చోట ధర్మాంబుధి చెరువు. కంఠీరవ స్టేడియం ఉన్న చోట సంపంగి చెరువు. 1896లో హెసరఘట్ట నీరు వచ్చాకే పైపు నీళ్లు అలవాటయ్యాయి. జనం నోట 'నల్లి' మాట నిలిచిపోయింది.

ప్లేగు నేర్పిన పాఠం

1898 ఆగస్టులో ప్లేగు వచ్చింది. ఇరుకు సందుల పేట అల్లాడింది. జనం ఇళ్లు వదిలి బయటకు పోయారు. గాలి వెలుతురుండే మల్లేశ్వరం, బసవనగుడి కొత్త పేటల వైపు అందరి చూపూ మళ్లింది. అక్కడ ఇళ్ల వరుసల వెనుక సన్నని సందులు వదిలారు. మరుగుదొడ్లు శుభ్రం చేసే పాకీవాళ్లు ముందు వీధిలోకి రాకుండా, వెనక నుంచే వచ్చి వెళ్లేందుకు! ఊరి ఆరోగ్యం వాళ్ల చేతుల మీద నడిచింది. వీధిలో నడిచే మర్యాద మాత్రం వాళ్లకు దక్కలేదు. ఆ సందుల్లో కొన్ని నేటికీ ఉన్నాయి.

ఓటు వచ్చింది.. మెల్లగా

మొదటి తొమ్మిది మందిని ఎవరూ ఓటేసి ఎన్నుకోలేదు. 1881లో మైసూరు రాజ్యం మళ్లీ ఒడెయర్ల చేతికి వచ్చింది. కంటోన్మెంట్ బ్రిటిష్ వారి కిందే ఉండిపోయింది. ఆ తర్వాతే మున్సిపాలిటీ సభ్యుల్లో సగం మందిని ఎన్నుకునే పద్ధతి మొదలైంది. 1913లో గౌరవ అధ్యక్షుడి పదవి వచ్చింది. అదీ ఎన్నికతో నిండింది 1920లోనే. అంటే బోర్డు పుట్టిన 58 ఏళ్లకు! నగర మున్సిపాలిటీకి అధ్యక్షుడిగా పనిచేసిన కె.పి.పుట్టణ్ణ చెట్టి పేరు నేటికీ టౌన్‌హాల్‌పై ఉంది. కంటోన్మెంట్‌లో 1926లో మున్సిపల్ కమిషనర్ పదవి పెట్టారు. శివాజీనగర్ రస్సెల్ మార్కెట్‌కు ఆ పేరు వచ్చింది కమిషనర్ టి.బి.రస్సెల్ నుంచే.

రెండు ఒకటై.. ఒకటి అయిదై

స్వాతంత్య్రం వచ్చాక 1949లో రెండు మున్సిపాలిటీలూ కలిసి 70 మంది కార్పొరేటర్లతో కార్పొరేషన్ అయింది. 2007లో చుట్టుపక్కల పురసభలు, 110 గ్రామాలను కలుపుకొని బృహత్ బెంగళూరు మహానగర పాలికెగా మారింది. 2015లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో తీరింది. అక్కడి నుంచి ఐదేళ్లు ఎన్నికలు లేవు.. అధికారులదే పాలన. 2025 సెప్టెంబరులో దాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టారు.

సగం సీట్లకు ఓటు రావడానికే నాటి పేటవాసులు దాదాపు రెండు దశాబ్దాలు ఆగాల్సి వచ్చింది. అలా వచ్చిన ఓటు వారి మునిమనవళ్ల చేతిలో ఐదేళ్లు ఖాళీగా ఉండిపోయింది. బోర్డులు ఒకటున్నా, అయిదున్నా మోరీ పొంగినప్పుడు జనానికి కావాల్సింది మాత్రం ఒక్కటే.. తలుపు తట్టడానికి తాము ఎన్నుకున్న ఓ సభ్యుడి ఇల్లు!