చైనా జాతీయాలు – అర్థ పరిణామం

జాతీయంలోని మాటల అర్థాలను విడివిడిగా కూడితే దాని అర్థం రాదు. 'అతను చేతులెత్తేశాడు' అన్నప్పుడు ఎవరి చేతులూ పైకి లేవవు. ఆ అర్థాన్ని నిలిపేది వాడుక. వాడేవారి అవసరాలు మారితే అర్థమూ మారుతుంది. ఈ పరిణామాన్ని పరిశీలించడానికి చైనా జాతీయాలు మనకు బాగా ఉపకరిస్తాయి.

చైనీయులు వీటిని 'చెంగ్‌యూ' అంటారు. వీటిలో ఎక్కువభాగం నాలుగే అక్షరాలు. చాలావాటి వెనుక ఒక పాత కథ ఉంటుంది. 1919 మే 4 ఉద్యమంతో ఊపందుకున్న భాషా సంస్కరణ చైనా సాహిత్యాన్ని గ్రాంథికం నుంచి వాడుకభాషకు మళ్ళించింది. మన గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) సాగించిన పోరాటం వంటిదే అది. గ్రాంథికం వెనుకబడినా ఈ నాలుగక్షరాల పలుకుబళ్ళు నిలిచాయి. పండితులతోపాటు జనమూ వాటిని వాడుతుండడమే అందుకు కారణం.

'మోడు దగ్గర కుందేలు కోసం కాపు' అనేది ఒకటి. పరుగెత్తుకొచ్చిన కుందేలు పొలంలోని మోడుకు కొట్టుకుని చచ్చింది. ఆ రైతు నాగలి వదిలేసి, మరో కుందేలు వస్తుందని మోడు దగ్గరే కూర్చున్నాడు. క్రీ.పూ. 3వ శతాబ్దికి చెందిన హాన్ ఫెయ్, పాత రాజుల పద్ధతులతోనే తన కాలపు జనాన్ని ఏలాలనుకునేవారిని విమర్శించడానికి ఈ కథ చెప్పాడు. నేడు అదే మాట, పని మాని అదృష్టం కోసం ఎదురుచూసేవాణ్ణి ఎత్తిపొడుస్తుంది. మన 'కాకతాళీయం' యాదృచ్ఛికతను మాత్రమే చెబుతుంది. చైనా జాతీయం మరో అడుగు ముందుకు వేసి, యాదృచ్ఛికతను నియమమనుకునే బుద్ధిని పట్టి చూపుతుంది.

'ఆవు ముందు వీణ వాయించడం' మరొకటి. మనం 'చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు' అంటాం. రెండింటిలోనూ ఎగతాళి వినేవాడి మీదే. 1942 ఫిబ్రవరిలో యెనాన్‌లో మూస రచనలను విమర్శిస్తూ మావో దీన్ని తిరగేశాడు. శ్రోత మీద గౌరవం ఉంచి చూస్తే, ఎగతాళి మిగిలేది వాయించేవాడి మీదేనన్నాడు. ఒక్క అక్షరం మారలేదు, దోషి మారాడు. పాఠం పిల్లలకు ఎక్కనప్పుడు ఉపాధ్యాయుడూ, కవిత అందనప్పుడు కవీ ఎటు వేలు చూపాలన్న ప్రశ్న ఇందులో ఉంది.

'కొండలు తవ్విన వెర్రి ముసలాయన' కథ 'లియెజి' గ్రంథంలోనిది. ఇంటికి అడ్డుగా ఉన్న రెండు కొండలను తొంభై ఏళ్ళ వృద్ధుడు కొడుకులతో కలిసి తవ్వనారంభించాడు. తాను పోయినా తరతరాలూ తవ్వుతాయి, కొండ మాత్రం పెరగదు అన్నది అతని తర్కం. చివరికి దైవం కరుణించి కొండలను తొలగించింది. 1945 జూన్‌లో మావో ఈ కథ చెప్పి, ఆ కొండలు సామ్రాజ్యవాదమూ భూస్వామ్యమూ అనీ, ఆ దైవం చైనా ప్రజలేననీ వ్యాఖ్యానించాడు. దైవకృప మీద ముగిసిన కథ ప్రజాశక్తి కథగా మారింది.

వీటిలో ఏదీ తెలుగులో 'కాగితం పులి' అంతగా పాతుకోలేదు. 1946 ఆగస్టులో అమెరికన్ రచయిత్రి అన్నా లూయీ స్ట్రాంగ్‌తో మాట్లాడుతూ మావో వాడడంతో ఈ పాత పలుకుబడి ప్రపంచమంతా పాకింది. దుభాషి మొదట దీన్ని చేలోని బెదురుబొమ్మగా అనువదించాడనీ, మావో ఒప్పుకోలేదనీ స్ట్రాంగ్ తర్వాత రాసింది. బెదురుబొమ్మ కదలని వస్తువు. కాగితం పులి నిజంగానే భయపెడుతుంది, వానకు తడిస్తే మెత్తబడిపోతుంది.

మనకు 'మేకపోతు గాంభీర్యం' ఉండగా ఇది ఎందుకు అవసరమైంది? మేకపోతుది లేని ధైర్యాన్ని నటించడం. కాగితం పులిది ఎదుటివాడి భయం మీద బతికే బలం. తెలుగులో ఆ ఖాళీ ఉంది కనుక మాట అందులో ఇమిడింది. పైగా పాఖాల అడవుల అంచున ఉన్న మా నర్సంపేట ప్రాంతంలో పులి గురించి ఎవరికీ చెప్పనక్కరలేదు. పీరీల పండుగలో పులివేషానికి బెదిరే పిల్లలనూ అందరూ చూసినవారే.

అనువాదకులు గమనించవలసింది ఇదే. మన జీవితంలో బొమ్మ కట్టే జాతీయాన్ని ఉన్నదున్నట్టు తేవచ్చు. బొమ్మ కట్టనప్పుడు మన పలుకుబడిలోనే దాని సాటిని వెదకాలి. మాటకు మాట పేర్చి, పాఠకుడికి అర్థం కాలేదని విసుక్కుంటే, ఆవు ముందు వీణ పట్టుకు కూర్చున్నది మనమే అవుతాం.