నావికుని వ్యాధియు పరిహారమును



మన హైదరాబాదునకు సముద్రము లేదు. అయినను నాంపల్లి స్టేషనులో ముంబయి బండి యెక్కి ఓడకొలువులకు పోవు యువకులు మన పల్లెలలోను కలరు. పయనమగునాడు జీతమెంతయని పెద్దలందఱు నడుగుదురు. ఓడమీద రోగము వచ్చినచో గతి యేమని యడుగువారు తక్కువ. నేటి ప్రసంగము ఆ రెండవ ప్రశ్నను గూర్చినది.

గాయము కంటికి కనబడును. నావికుడు జారిపడి కాలు విఱిగినచో చూచినవారుందురు. వ్యాధి యట్లు కాదు. అది కొలువువలన కలిగినదా, శరీరములో ముందే యుండినదా యని వాదము పుట్టును. పరిహారపు తగవులనేకము లిచ్చటనే చిక్కుకొనును.

ఇందులకు నిదర్శనముగా ఒక వ్యాజ్యమును చెప్పెదను. బీహారులోని గయకు చెందిన నావికుడొకడు ప్రభుత్వరంగ నౌకాసంస్థలో పనిచేయుచు, గుండెకండరము చెడి, ఓడపనికి తగడని నిర్ణయింపబడెను. అతడు పూర్తి అంగవైకల్య పరిహారము కోరెను. సంస్థ, ఇది గాయము కాదు గనుక కొలువు విరమణ సొమ్ము రూ. 2,75,000 మాత్రమే చెల్లునని ప్రత్యుత్తర మిచ్చెను. సంస్థ ముంబయిలో నున్నదని పాట్నా ఉన్నత న్యాయస్థానము అతని యర్జీని త్రోసివేసెను. 2014లో సుప్రీంకోర్టు, నిరాకరించిన జాబు గయలోని యింటికే వచ్చినది గనుక పాట్నాలో విచారింపవచ్చునని తీర్పు చెప్పెను. ఇంటియొద్ద న్యాయము నడుగు త్రోవ యిట్లు తెఱచుకొనెను. కాని 2021లో సుప్రీంకోర్టే అతని కోరికను కాదనెను. ఏలయన, అతనికి వర్తించు ఒప్పందములో పూర్తి పరిహారము విధిలో తగిలిన గాయమునకే వ్రాయబడియుండెను.

చూచితిరా! ఫలితమును నిర్ణయించినది ఒప్పందములోని యొక మాట.

2006 నాటి అంతర్జాతీయ నావికశ్రమ ఒడంబడికను భారతదేశము 2015లో అంగీకరించినది. దాని ప్రకారము కొలువులో రోగియైన నావికునకు ఓడయజమాని చికిత్స చేయించి, భోజనవసతు లమర్పవలెను. ఇల్లు చేరువఱకు పూర్తి జీత మీయవలెను. అయితే ఈ భారమును రోగారంభమునుండి 16 వారములకు తగ్గకుండ పరిమితము చేయుటకు ఆయా దేశముల చట్టములకు వీలున్నది. అటుపిమ్మట కుటుంబ పోషణకు ఆధారము చట్టమో, ఒప్పందమో కావలెను.

కావున సంతకమునకు ముందే మూడు సంగతులు విచారింపుడు. శాశ్వత అశక్తతకు పరిహారము గాయమునకేనా, వ్యాధికి కూడనా? అశక్తతను నిర్ణయించునది సంస్థ వైద్యుడొక్కడేనా, వేఱొక వైద్యుని యభిప్రాయము చెల్లునా? కొలువు కుదుర్చు ఏజెంటునకు ముంబయిలోని నౌకాయాన డైరెక్టరు జనరలు ఇచ్చిన లైసెన్సు కలదా? యజమాని విదేశీయుడైనచో ఏ దేశపు చట్టము వర్తించునో కూడ చూడవలెను.

ఇక కాగితముల మాట. ఓడ యెక్కుటకు ముందు జరిగిన వైద్యపరీక్ష పత్రము, ఓడలో జబ్బు వ్రాసిన పుటకు నకలు, రేవు ఆసుపత్రి చీటీలు భద్రపఱచుకొనవలెను. రోగముచే దిగినవాడు “నా యిష్టముతో దిగితిని” అని సంతకము చేయరాదు; చేసినచో పిదప రోగమును రుజువుచేయుట కష్టమగును. ఇల్లు చేరినంతనే సంస్థకు జాబు వ్రాసి, ఆబిడ్సులోని పెద్ద తపాలాఫీసునుండి కాని, మీ యూరి తపాలాఫీసునుండి కాని, అందినట్లు రుజువు దొరకునట్లు పంపవలెను. ఆ రసీదును, వచ్చిన ప్రత్యుత్తరమును కవరుతోసహా దాచుడు. గయ నావికునకు తన రాష్ట్రపు న్యాయస్థానపు తలుపు తెఱచినది అట్టి కాగితమే.

మీ యూరి కుఱ్ఱవాడు ఓడకొలువునకు కుదిరినాడని వినిన దినముననే ఒప్పందమును తెప్పించి, తెలిసినవారిచే తెలుగున చెప్పించుకొని, “వ్యాధి” యను మాట యందెచ్చట నున్నదో చూపింపుమని యడుగుడు. సెలవు.