నాయకుని రూపం – ఓటరు తీర్పు

1960 సెప్టెంబర్ 26న షికాగో నగరంలోని ఒక టెలివిజన్ కేంద్రంలో జాన్ కెనడీ, రిచర్డ్ నిక్సన్‌ల మధ్య చర్చ జరిగింది. అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడుతున్న ప్రధాన పక్షాల అభ్యర్థులు టెలివిజన్ తెరపై ముఖాముఖి తలపడడం అదే ప్రథమం. మోకాలి వ్యాధితో ఆసుపత్రిలో ఉండి వచ్చిన నిక్సన్ చిక్కి, పాలిపోయి కనిపించారు. కెనడీ మాత్రం నిబ్బరంగా, ఆరోగ్యవంతునిగా కనిపించారు. కానీ, దీర్ఘకాలంగా అడిసన్స్ వ్యాధితో బాధపడుతున్నవారు కెనడీయే. ఆ సంగతిని ఆయన వర్గం ప్రజలకు తెలియనీయలేదు. నవంబర్‌లో కెనడీ గెలిచారు. దేశం మొత్తం మీద ఆధిక్యం సుమారు 1,13,000 ఓట్లు మాత్రమే. చర్చ ఒక్కటే ఆ ఫలితాన్ని నిర్ణయించిందని చెప్పలేము. అయితే నాటి నుండి అభ్యర్థి రూపాన్ని తీర్చిదిద్దడం ఎన్నికల ప్రచారంలో ప్రధాన భాగమైంది.

ప్రతి విధానాన్నీ పరిశీలించే తీరిక ఓటరుకు ఉండదు. అందుచేత ముఖకవళికలను, కంఠస్వరాన్ని, నడవడిని బట్టి నాయకుని అంచనా వేస్తాడు. ఈ అంచనాకు ఎంత విలువ దక్కుతుందనేది ఆ దేశపు ఎన్నికల విధానంపై ఆధారపడి ఉంటుంది. అమెరికాలో ఎలక్టోరల్ కాలేజి మధ్యలో ఉన్నప్పటికీ, ఓటరు ఎదుట నిలిచేది అధ్యక్ష అభ్యర్థి పేరే. బ్రిటన్ ఓటరు తన నియోజకవర్గ సభ్యుని మాత్రమే ఎన్నుకుంటాడు. కామన్స్ సభ మద్దతు గలవారు ప్రధానమంత్రి అవుతారు.

అందువల్లనే అక్కడ నాయకుని ఆకర్షణ సీట్లుగా మారకపోవచ్చు. 1945లో యుద్ధవిజేతగా కీర్తి పొందిన చర్చిల్ పక్షం ఓడిపోయింది. ఆడంబరం ఎరుగని అట్లీ నాయకత్వంలోని లేబర్ పార్టీకి 393 స్థానాలు లభించాయి. ఇళ్లు, ఉద్యోగాలు, సాంఘిక భద్రత ఎవరు కల్పించగలరన్నదే నాటి ప్రజల ప్రశ్న. బ్రిటన్‌లో పార్టీ నాయకుల తొలి టెలివిజన్ చర్చ 2010 ఏప్రిల్ 15న జరిగింది. అందులో రాణించిన నిక్ క్లెగ్‌కు అభిప్రాయ సేకరణల్లో ఆదరణ ఒక్కసారిగా పెరిగింది. తీరా ఎన్నికల్లో ఆయన లిబరల్ డెమొక్రాట్ల బలం 62 స్థానాల నుండి 57కు తగ్గింది.

నాయకుని పైకెత్తిన గుణమే ఒక్కొక్కప్పుడు ఆయనను పడద్రోస్తుంది. మార్గరెట్ థాచర్ శిక్షణ పొంది తన కంఠస్వరాన్ని తగ్గించుకున్నారు. 1976లో సోవియట్ సైనిక పత్రిక 'ఉక్కు మహిళ' అని ఎద్దేవా చేస్తే, ఆమె దానినే బిరుదుగా స్వీకరించారు. 1979, 1983, 1987లలో వరుసగా విజయం సాధించారు. అయితే తలపన్ను వివాదంలో ఆ దృఢత్వమే మొండితనంగా కనిపించింది. 1990 నవంబర్‌లో సొంత పార్టీ సభ్యులే ఆమె తొలగిపోయే పరిస్థితి కల్పించారు.

అమెరికాలో అలా జరగడం కష్టం. సినీనటుడుగా కెమెరాను మచ్చిక చేసుకున్న రొనాల్డ్ రీగన్ 1984లో 50 రాష్ట్రాలలో 49 గెలిచారు. 1986లో ఇరాన్–కాంట్రా ఆయుధాల వ్యవహారం బయటపడి ఆదరణ తగ్గినా, నిర్ణీత పదవీకాలం 1989 జనవరి వరకు ఆయనను నిలిపింది.

రూపాన్ని చూసి ఓటు వేసినవారు బ్రిటన్‌లో పొరబడితే పార్లమెంటు మధ్యలో సరిదిద్దగలదు. అమెరికాలో సాధారణంగా నాలుగేళ్లు వేచి ఉండాలి. అభ్యర్థి ఆరోగ్యం, ఆదాయం, గత చరిత్రల గురించి అక్కడి పత్రికలు ముందుగానే గట్టిగా ప్రశ్నించవలసిన అవసరం అందువల్లనే ఎక్కువ. 1960లో కెనడీ ఆరోగ్యం గురించిన నిజం ఓటర్లకు అందనేలేదు.