ఒక్క నీటి అణువు తేడా: బాక్టీరియా ఎంజైములపై అపోహలు – వాస్తవాలు

జ్వరం ఓ పట్టాన తగ్గకపోతే "ఈసారి పవర్ ఎక్కువున్న యాంటీబయోటిక్ రాయండి డాక్టరు గారూ" అని అడగడం మన ఇళ్లలో మామూలే. మందుకు బలం, క్రిమికి మొండితనం ఉంటాయని, రెంటికీ మధ్య కుస్తీ నడుస్తుందని మన లెక్క. ఈ కుస్తీ లెక్కే చాలా అపోహలకు తల్లివేరు. బాక్టీరియా ప్రొటీన్లను పరమాణువుల స్థాయిలో పరిశీలించినవాళ్లకు కనిపించిన దృశ్యం వేరు. పెన్సిలిన్ పనిచేస్తుందా లేదా అన్నది ఒక ప్రొటీన్ మడతలో ఏ పరమాణువు ఎక్కడ కుదురుకుందన్న దాన్ని బట్టి తేలుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే కింది అయిదు అపోహలూ ఒకదాని వెంట ఒకటి వీడిపోతాయి.

అపోహ 1: పెన్సిలిన్ బాక్టీరియా గోడను పగలగొడుతుంది.

వాస్తవం: పెన్సిలిన్ తనంతట తాను దేన్నీ పగలగొట్టదు. బాక్టీరియా చుట్టూ ఉండే పెప్టిడోగ్లైకాన్ కవచాన్ని గోడ అంటున్నాం గానీ, నిజానికి అది చేపల వలను పోలింది. పొడవాటి చక్కెర గొలుసులు అందులో దారాలు. వాటిని అడ్డంగా కలిపే చిన్న పెప్టైడ్లు ముడులు. లోపలి ఒత్తిడికి కణం పిగిలిపోకుండా కాపాడేది ఈ వలే. ముడి వేసే ఎంజైములు పెప్టైడ్ కొసన ఉన్న రెండు డి-అలనిన్ల జంటను గుర్తుపట్టి, చివరిదాన్ని తీసేసి, మిగిలిన కొసను పక్క గొలుసుకు కలుపుతాయి. పెన్సిలిన్ ఆకారం అచ్చం ఈ జంటకు నకలులా ఉంటుందని డొనాల్డ్ టిప్పర్, జాక్ స్ట్రోమింజర్ 1965లో ప్రతిపాదించారు. ఎంజైమ్ మోసపోయి నకలును పట్టుకుంటుంది, ఇక వదిలించుకోలేదు. ముడి వేయాల్సిన చెయ్యి అలా ఇరుక్కుపోతుంది.

ముడి పడకపోతే పెరుగుదల ఆగాలి గానీ కణం పగిలి చావడమెందుకు అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు వెతుకుతూ పోతే హైదరాబాద్ తగులుతుంది. వల పెద్దది కావాలంటే కొత్త దారం చొప్పించడానికి పాత ముడులు కొన్ని తెంచక తప్పదు. ఈ.కొలై బాక్టీరియాలో ఈ పని చేసే మూడు కత్తెర ఎంజైములను అక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త మంజులా రెడ్డి బృందం 2012లో వెల్లడించింది. మూడింటినీ ఒకేసారి తొలగిస్తే కణం కొత్త గోడ పదార్థాన్ని చేర్చుకోలేక చనిపోయింది. బాక్టీరియా గోడల మీద చేసిన పరిశోధనలకే ఆమెకు 2019లో ఇన్ఫోసిస్ ప్రైజ్ దక్కింది. అంటే తెంచడమూ బతకడంలో భాగమే. ముడి వేసే చేతులు పెన్సిలిన్‌తో కట్టుబడిపోయి, గోడను తెంచే ఎంజైములు మాత్రం ఆడుతూనే ఉంటే వల ఎక్కడో ఒకచోట తెగుతుంది. కణాన్ని చంపేది మందు బలం కన్నా కణం సొంత పనిలో తప్పిన తూకం. మన కణాలకు, వైరస్‌లకు ఈ వలే లేదు. అందుకే పెన్సిలిన్ మన కణాల జోలికి రాదు, వైరల్ జ్వరానికి పనికీ రాదు.

అపోహ 2: ఎంజైమ్ ఒక తాళం. అందులో చెవి సరిపోతే పని అయిపోయినట్టే.

వాస్తవం: ఎమిల్ ఫిషర్ 1894లో చెప్పిన తాళం, చెవి పోలిక బడి పుస్తకాల్లో నేటికీ ఉంది. ఎంజైమ్ బిగుసుకుని కదలకుండా ఉంటుందన్న భావన కూడా దాని వెంటే వచ్చింది. పట్టుకునేటప్పుడు ఎంజైమ్ సైతం తన ఆకారాన్ని సర్దుకుంటుందని డేనియల్ కోష్‌లాండ్ 1958లో వాదించాడు. 1965లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో డేవిడ్ ఫిలిప్స్ బృందం ఎక్స్-కిరణాల సాయంతో లైసోజైమ్ నిర్మాణాన్ని తేల్చడంతో ఒక ఎంజైమ్ లోపలి అమరిక తొలిసారి కళ్లకు కట్టింది. కోడిగుడ్డు తెల్లసొనలో దొరికే ఆ ప్రొటీన్‌లో, బాక్టీరియా గోడలోని చక్కెర గొలుసు పట్టేంత గాడి ఉంది. అయితే పట్టుకోవడం పనిలో సగమే. మిగతా సగం ఎక్కడుందో పెన్సిలినే చూపిస్తుంది.

గోడ ముడులు వేసే ఎంజైమ్‌ను, పెన్సిలిన్‌ను పాడుచేసే టెమ్-1 బీటా-లాక్టమేజ్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే రెంటి మడతా ఒకే తీరున ఉంటుంది. రెంటిలోనూ సెరీన్ అనే అమైనో ఆమ్లం పెన్సిలిన్‌లోని నాలుగు పరమాణువుల వలయాన్ని తెరిచి దానికి అతుక్కుంటుంది. ఇక్కడిదాకా తేడా లేదు. ఒకే చెవి రెండు తాళాల్లోనూ దూరింది. ముడి వేసే ఎంజైమ్‌లో ఆ బంధం గంటల తరబడి ఊడదు. టెమ్-1లో మాత్రం 166వ స్థానంలోని గ్లూటమిక్ ఆమ్లం ఒక నీటి అణువును సరిగ్గా ఆ బంధం పక్కనే పట్టి ఉంచుతుంది. ఆ నీరు బంధాన్ని తెంచుతుంది, చెడిపోయిన పెన్సిలిన్ బయటికి పోతుంది, ఎంజైమ్ మరో అణువుకు సిద్ధమవుతుంది. ఇలా సెకనుకు వెయ్యి దాకా! 1992లో కెనడాలో నతాలీ స్ట్రినాడ్కా, ఆమె సహచరులు ఆ గ్లూటమిక్ ఆమ్లం స్థానంలో ఆస్పరజిన్ ఉన్న ఎంజైమ్‌ను పరిశీలించారు. పెన్సిలిన్ దానికి అతుక్కుని అక్కడే నిలిచిపోయిన చిత్రం దొరికింది. మరి ఫిషర్ పోలిక అబద్ధమా అంటే, కాదు. ఏ అణువు పడుతుందో అది చెబుతుంది. పట్టాక ఏం జరుగుతుందో చెప్పదు. మందు పనిచేయడమూ మానడమూ ఆ చెప్పని భాగంలోనే ఉన్నాయి.

అపోహ 3: మందులు వాడి వాడి ఒళ్లు అలవాటు పడిపోయింది. బాక్టీరియా కూడా మందును చూసి నేర్చుకుంది.

వాస్తవం: అలవాటు పడేది ఒళ్లు కాదు, మారేది బాక్టీరియా జనాభా. అదీ చూసి నేర్చుకుని మారడం లేదు. పెన్సిలిన్ ఇంకా ఆసుపత్రుల్లో వాడుకలోకి రాకముందే, 1940లో, ఎడ్వర్డ్ ఏబ్రహాం, ఎర్నెస్ట్ చెయిన్ దాన్ని నాశనం చేసే ఎంజైమ్‌ను బాక్టీరియాలో కనుగొన్నారు. కెనడాలోని యూకాన్ ప్రాంతంలో 30,000 ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న మట్టిలోనూ పెన్సిలిన్ తరహా బీటా-లాక్టమ్ మందులను తట్టుకునే జన్యువులు ఉన్నాయని 2011లో తేలింది. మట్టిలో బూజులు, బాక్టీరియా ఒకదానిపై ఒకటి ఇలాంటి రసాయనాలు ప్రయోగించుకోవడం మనిషి పుట్టకముందు నుంచీ ఉన్నదే. జన్యువుల్లో మార్పులు గుడ్డిగా వస్తాయి. మందు చేసేదల్లా తట్టుకోగలిగినవాటిని మిగిల్చి తక్కినవాటిని ఏరేయడం.

ఇదంతా ప్రకృతిలో ముందే ఉంటే విచ్చలవిడి వాడకాన్ని తప్పుపట్టడమెందుకన్న అభ్యంతరం ఇక్కడ వస్తుంది. జన్యువు ఉండటం వేరు, ఊరంతా పాకడం వేరు. బీటా-లాక్టమేజ్ జన్యువులు చాలావరకు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయాల మీద ఎక్కి ఒక జాతి బాక్టీరియా నుంచి మరో జాతికి వెళ్లగలవు. మందు లేనిచోట ఆ జన్యువు మోసేవాటికి బరువే. మందు నిండినచోట అదే ప్రాణదాత. నిప్పురవ్వ ఎప్పటినుంచో ఉంది, దాని పక్కన గడ్డివాము పేర్చింది మనం.

అపోహ 4: బాక్టీరియా ఎలా కావాలంటే అలా మారగలదు, ఇక చేతులెత్తేయడమే. లేదంటే ఇంకా పవర్ ఉన్న మందు కావాలి.

వాస్తవం: ప్రొటీన్ మడత బాక్టీరియాకూ సంకెళ్లు వేస్తుంది. సెఫొటాక్సిమ్ అనే మందు టెమ్-1 గాడిలో సరిగ్గా పట్టదు. 238వ స్థానంలోని గ్లైసిన్ సెరీన్‌గా మారితే గాడి వెడల్పవుతుంది, కానీ ప్రొటీన్ మడత వదులవుతుంది. దాన్ని నిలబెట్టడానికి 182వ స్థానంలో మరో మార్పు ఆసరాగా కావాలి. అయిదు మార్పులు కలిస్తే సెఫొటాక్సిమ్‌ను తట్టుకునే శక్తి దాదాపు లక్ష రెట్లు పెరుగుతుంది. అయితే అయిదింటిని వరుసగా తెచ్చుకోవడానికి 120 దారులున్నా, ప్రతి అడుగులోనూ లాభం ఉంటూ నడవగలిగినవి 18 మాత్రమేనని డేనియల్ వైన్‌రైక్ బృందం 2006లో చూపించింది. పరిణామానికి కూడా అన్ని దారులూ తెరిచి ఉండవు.

ఇక పవర్ సంగతి. మెడికల్ షాపులో 625 అని అడిగి తీసుకునే మాత్రను చాలామంది 500 కన్నా బలమైనదనుకుంటారు. అందులో ఉన్నది అదే 500 మిల్లీగ్రాముల అమాక్సిసిలిన్. తోడుగా 125 మిల్లీగ్రాముల క్లావులనిక్ ఆమ్లం. ఈ రెండోది తానుగా బాక్టీరియాను పెద్దగా ఏమీ చేయలేదు. బీటా-లాక్టమేజ్‌కు వేసిన ఎర అది. ఎంజైమ్ దాన్ని పట్టుకుని తానే పాడైపోతే, అమాక్సిసిలిన్ తన పని తాను చేసుకుపోతుంది. బాక్టీరియాను మోసగించిన ఉపాయాన్నే దాని కాపలా ఎంజైమ్ మీద మళ్లీ ప్రయోగించారన్నమాట. 2009లో వెలుగులోకి వచ్చిన ఎన్‌డీఎం-1 అనే మరో రకం బీటా-లాక్టమేజ్ దగ్గర ఈ ఎర పారదు. అది సెరీన్ బదులు రెండు జింక్ అయాన్లతో పనిచేస్తుంది. అంటే అక్కడ కావలసింది ఇంకా బలమైన క్లావులనిక్ ఆమ్లం కాదు, వేరే ఆకారమున్న ఎర.

అపోహ 5: ప్రొటీన్ ఆకారాలను కంప్యూటర్ చెప్పేస్తోంది. ప్రయోగశాలల అవసరం తీరిపోయింది.

వాస్తవం: ప్రొటీన్ ఆకారాన్ని ఊహించి చెప్పే ఆల్ఫాఫోల్డ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ 2020లో సాధించింది చిన్న విషయమేమీ కాదు; 2024 రసాయన నోబెల్‌లో సగం దాని రూపకర్తలు హసాబిస్, జంపర్‌లకు దక్కింది. కంప్యూటర్ ఇచ్చినా, ప్రయోగం ఇచ్చినా, నిర్మాణం సవ్యంగా ఉందో లేదో చూడటానికి జి.ఎన్. రామచంద్రన్ బృందం 1963లో మద్రాసులో గీసిన, ప్రొటీన్ గొలుసు ఏయే కోణాల్లో మెలి తిరగగలదో చూపే పటాన్ని నేటికీ వాడుతున్నారు. కానీ ఆకారం తెలిసినంత మాత్రాన పని తెలిసినట్టు కాదని స్ట్రినాడ్కా ప్రయోగమే సాక్ష్యం. ఒక్క అమైనో ఆమ్లం మారిన ఆ ఎంజైమ్ మడత మామూలు టెమ్-1 మడతకు దాదాపు నకలే. బొమ్మలు రెండూ పక్కన పెడితే తేడా పట్టుకోవడం కష్టం. అయినా ఒకటి పెన్సిలిన్‌ను చెండాడుతుంది, రెండోది దానికే చిక్కుతుంది. బొమ్మ ఎక్కడ వెతకాలో చెబుతుంది; అక్కడ ఏం జరుగుతోందో ప్రయోగం తేల్చాలి.

కల్చర్ టెస్ట్ రిపోర్టులో మందుల పేర్ల పక్కన ‘ఎస్’ అనో ‘ఆర్’ అనో ఉంటుంది. మొదటిది ఆ మందుకు ఆ బాక్టీరియా లొంగుతుందని, రెండోది లొంగదని గుర్తు. అందులో పవర్ అన్న గడి లేదు. అమాక్సిసిలిన్ పక్కన ‘ఆర్’ కనిపిస్తే, చాలాసార్లు దాని వెనక ఒక బీటా-లాక్టమేజ్ ఉంటుంది. దాని గాడిలో, ఉండాల్సిన చోట, ఒక నీటి అణువు. డాక్టరు గారిని అడగాల్సిన ప్రశ్న "ఇంకా బలమైనది లేదా?" అని కాదు, "ఇది ఏ బాక్టీరియా, దేనికి లొంగుతుంది?" అని.